ఉమాకాంత్‌గారి ఒరిజినల్ ఆల్బమ్

"…అంటే పిల్లలు వరండాలో కూర్చోవాలి, మీ బిళ్ళలు గదిలో కూర్చోవాలి. అంతేనా?"

"బిళ్ళలు కావు. కలెక్షన్."

"గుండ్రంగా ఉన్నాయిగా. బిళ్ళలే."

"విశాలా, అది క్లబ్బు కమిటీ నిర్ణయం. నేనేం అడుక్కోలేదు."

"వాళ్ళచేత ఆ మాట అనిపించుకోడానికి రెండేళ్ళు వాళ్ళ చుట్టూ తిరిగారు. పైగా అడుక్కోలేదట."

"సరే, తిరిగాను. ఆ గదిలో ఇన్నాళ్ళూ జరిగిందేమిటి? అ, ఆ. ఇక నువ్వు కూడా ఉండవు. నీ తర్వాత ఆ ప్రసన్న వచ్చి గిట్ల రాయాలె, గట్ల దిద్దాలె అని నేర్పుతుంది. దానికి గది దేనికి? వరండా చాలదా?"

తలుపు బయట ప్రసన్న ఒక చెప్పు విడిచి, రెండోది విడవాలా వద్దా అని ఆగిపోయింది. కాసేపటికి రెండోది కూడా విడిచి బెల్లు కొట్టింది.

తలుపు తీసింది ఉమాకాంతే. "రామ్మా, రా. నీ గురించే అనుకుంటున్నాం" అన్నాడు.

"వినబడ్డది సార్" అంది ప్రసన్న.

ఉమాకాంత్ నొచ్చుకోలేదు. తన మాట ఎవరైనా విన్నారంటే వాళ్ళకు అంతో ఇంతో మేలు జరిగిందనే అతని నమ్మకం.

అది సూరత్ పక్కన హజీరాలో ఒక పెద్ద కర్మాగారం టౌన్‌షిప్. ఉమాకాంత్ తణుకు నుంచి కుర్రతనంలో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి, కంప్రెసర్లు, టర్బైన్లు, పంపులు, తిరిగే యంత్రాలన్నిటికీ పెద్ద అధికారి అయ్యాడు. ఈ నెలాఖరుకు రిటైరవుతున్నాడు. సూరత్ ఊళ్ళోని పాల్ పేటలో కొన్న ఫ్లాటుకు సామాను ఒక్కొక్క విడతగా కారులో చేరవేస్తున్నారు. వచ్చే శనివారం క్లబ్బులో వీడ్కోలు సభ, ఆ రాత్రికే కొత్తింటికి మారిపోవడం. శాలువా, జ్ఞాపిక, ఉపన్యాసాలు అయ్యాక, టేబుల్ టెన్నిస్ హాలు పక్కనున్న చిన్న గదిని ఉమాకాంత్ సంగీతపు గదిగా ప్రారంభిస్తారు. అతని సీడీలన్నీ అక్కడి అరల్లోకి వెళతాయి. తలుపు మీద ఇత్తడి ఫలకం ఉంటుంది. ఆ రోజు అతను తన జాజ్ ఆల్బమ్ నుంచి ఒక పాట వినిపించి నాలుగు మాటలు చెబుతాడు.

ఆ గదిలోనే అతని భార్య విశాలాక్షి ఏళ్ళ తరబడి ఆదివారం పొద్దున టౌన్‌షిప్‌లోని తెలుగు పిల్లలకు అక్షరాలు నేర్పుతోంది. బడిలో హిందీ, ఆటలో గుజరాతీ మాట్లాడి, తల్లి తెలుగులో అడిగితే మూడూ కలిపి జవాబు చెప్పే పిల్లలు వాళ్ళు. ఇప్పుడు ఆ పని ప్రసన్నకు అప్పగిస్తోంది. ప్రసన్న సూరత్‌లోని లింబాయత్‌లో, పవర్‌లూమ్ మగ్గాల సందులో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళ తాతలు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన నేతవాళ్ళు. ఆమె తెలుగు చదవడం, రాయడం ఇంట్లో నాయనమ్మ దగ్గర నేర్చుకుంది. భర్త ఇదే కర్మాగారంలో టెక్నీషియన్. క్లాసుకు సెలవైన ఈ ఆదివారం ఆమె వచ్చింది గది తాళంచెవి కోసం. చెవి విశాలాక్షి చేతిసంచిలో ఉంది. దాన్ని క్లబ్బు సెక్రటరీ ఓంప్రకాష్‌కు ఇమ్మని ఉమాకాంత్ అన్నాడు. పొద్దుటి పోట్లాట అక్కడే మొదలైంది.

పనిలో ఉమాకాంత్‌ను తీసిపారేయడానికి లేదు. కొలిచే పరికరాలు రాకముందు అతను పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను యంత్రం బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి, లోపల ఏం జరుగుతోందో చెప్పేవాడు. పరికరాలు వచ్చాక కూడా చెప్పేవాడు. జూనియర్లకు అతను నేర్పింది ఒక్కటే. "చిటుకుమంటోందని కంగారుపడకు. ఆ చిటుకు మళ్ళీ అదే లెక్కన వస్తోందా? అదొక్కటే చూడు. లెక్కతో వస్తే గాటు పడింది. లెక్క లేకపోతే దుమ్ము." చాలా యంత్రాలు అతని చెవి వల్ల బతికాయి. దురదృష్టం ఏమిటంటే, ఆ చెవిని అతను ఇంటికి కూడా తెచ్చుకున్నాడు.

ఆ ఆల్బమ్ అతని చేతికి వచ్చిన కథ టౌన్‌షిప్‌లో అందరికీ తెలుసు, ఎందుకంటే అతను అందరికీ చెప్పాడు. కొత్త కంప్రెసర్ నిలబెట్టడానికి వచ్చిన ఒక బెల్జియం ఇంజనీరు, వెళ్ళేటప్పుడు తన ప్రాణంతో సమానమైన జాజ్ సీడీని ఉమాకాంత్ చేతిలో పెట్టి, "నీ చెవికి ఇది తగును" అన్నాడట. నిజానికి ఆ బెల్జియం మనిషి గెస్ట్‌హౌస్ ఖాళీ చేస్తూ, పెట్టెలో పట్టని సామాను బల్ల మీద వదిలేశాడు. సగం వాడిన సాస్ సీసా, ఒక గొడుగు, అట్టపెట్టె పోయి కాగితం సంచిలో ఉన్న ఆ సీడీ. గొడుగు వంటమనిషి తీసుకున్నాడు. సీడీ ఉమాకాంత్ తీసుకున్నాడు.

దాని మీద టోపీ పెట్టుకుని ట్రంపెట్ ఊదుతున్న మనిషి బొమ్మ, కింద ఏదో ఆర్కెస్ట్రా పేరు. సంవత్సరం లేదు, వాయించినవాళ్ళ పేర్లు లేవు. ఉమాకాంత్ అది పెట్టి విన్నాడు. పాటల వెనక సన్నగా చిటపటలు వినిపించాయి, పాత గ్రామఫోను రికార్డు మీద ముల్లు నడుస్తున్నట్టు. అతను రోగలక్షణం చూసి రోగం చెప్పే వృత్తిలో ఉన్నవాడు. ఇవి వెయ్యితొమ్మిదివందల ముప్ఫైల నాటి అసలు రికార్డింగులని తేల్చాడు. ఎవరూ అతనికి ఆ మాట చెప్పలేదు. తనకు తానే చెప్పుకుని, తర్వాత పాతికేళ్ళు ఊరందరికీ చెప్పాడు.

ఒకసారి ఒక జూనియర్ ఫోనులో వెతికి, "సార్, ఈ ఆర్కెస్ట్రా పేరు ఎక్కడా దొరకట్లేదు" అన్నాడు.

"దొరకదు. దొరికితే నీకూ నాకూ తేడా ఏముంది?" అన్నాడు ఉమాకాంత్.

ఆ ఆల్బమ్ చుట్టూ అతను మిగతా కలెక్షన్ పేర్చాడు. నెలకొకసారి తన క్వార్టర్లో శ్రవణ సాయంత్రం అని పెట్టేవాడు. వచ్చినవాళ్ళు విశాలాక్షి వేసే మిరపకాయ బజ్జీల కోసం వచ్చేవాళ్ళు. బజ్జీలు వచ్చేదాకా కళ్ళు మూసుకుని తలలూపేవాళ్ళు. ఒక జనరల్ మేనేజరు నిజంగానే నిద్రపోయి, లేచి, "వాహ్, క్యా బాత్ హై" అన్నాడు. వింటేజ్ అనే మాట ఆ టౌన్‌షిప్‌లో అప్పుడే అందరి నోటా పడింది. తర్వాత దాన్ని పాత స్కూటర్లకు వాడుకున్నారు. కూతురు మనోజ్ఞ ఒకటో తరగతిలో ఉండగా, అతిథుల ముందు చేతులు కట్టుకుని, "దిస్ ఈజ్ ఒరిజినల్, ప్లీజ్ లిజన్ టు ద నీడిల్" అని పద్యంలా అప్పజెప్పేది. చప్పట్లు కొట్టేవాళ్ళు.

వాళ్ళకేమీ తెలియదని ఉమాకాంత్‌కు తెలుసు. అదే అతనికి కావలసింది. సూరత్‌లో అన్నేళ్ళున్నా అది తన ఊరని అతను ఎప్పుడూ అనలేదు. తిండీ వ్యాపారమూ తప్ప మూడోది ఎరగని ఊరు అనేవాడు. నవరాత్రి వస్తే గర్బా మైకులకు కిటికీలు మూయించేవాడు. ఆ ఊరి శనగపిండి ఫలహారం లోచో మాత్రం ఆదివారం పొద్దున్నే పొట్లం కట్టించి తెప్పించుకునేవాడు. తెలుగువాళ్ళ మీద కూడా అతనికి దయ లేదు. సినిమా పాటలు వినే ఇంజనీర్లను చూసి, వీళ్ళు చదువుకున్నారంటే చదువు మీద జాలేస్తుంది అనేవాడు. లింబాయత్ మగ్గాలవాళ్ళ గురించి అసలు మాట్లాడేవాడే కాదు.

ఏడెనిమిదేళ్ళ కింద ఇంట్లో సీడీ ప్లేయరు చెడిపోయింది. బాగుచేసేవాడు సూరత్‌లో లేడన్నాడు, వెతక్కుండానే. అప్పటినుంచి ఆల్బమ్‌ను వినడం ఆగింది. దాని గురించి చెప్పడం ఆగలేదు. శనివారం ఏ పాట వినిపించాలో తేల్చుకోవలసి వచ్చేసరికి, ఇంట్లో దాన్ని పెట్టడానికి ఏ పెట్టే లేదని తెలిసింది. లాప్‌టాప్‌కు ఆ సందే లేదు. మిగిలింది ఒక్క పాత కారు. దాని డాష్‌బోర్డులో సీడీ పట్టే సందు ఇంకా పనిచేస్తోంది.

అలా ఆ ఆదివారం ముగ్గురూ కారులో బయలుదేరారు. ముందు సీట్లో విశాలాక్షి, సంచి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తోంది. వెనక సీట్లో వంటగిన్నెల అట్టపెట్టెల మధ్య ప్రసన్న ఒదిగి కూర్చుంది. ఆమె లింబాయత్‌లో తల్లిగారింటికి వెళ్ళాలి. ఇచ్ఛాపూర్ దగ్గర దించితే సిటీ బస్సు ఎక్కుతానంది.

టౌన్‌షిప్ గేటు దాటగానే ఉమాకాంత్ సీడీ లోపలికి తోశాడు.

"ప్రసన్నా, శ్రద్ధగా విను. పాట మొదలవకముందే చిటపట వినిపిస్తుంది. అది ముల్లు చప్పుడు. నీ నాయనమ్మ పుట్టకముందు చప్పుడు."

"అట్లనా సార్" అంది ప్రసన్న. ఒక గిన్నె మూత జారుతుంటే పట్టుకుంది.

ట్రంపెట్ మొదలైంది. ఉమాకాంత్ ఎప్పటిలాగే పాట మీద మాట్లాడాడు. అప్పట్లో ఒకే మైకు ఉండేదన్నాడు. అందరూ దాని చుట్టూ నిలబడేవాళ్ళన్నాడు. తప్పు వాయిస్తే మళ్ళీ మొదటినుంచి వాయించాలన్నాడు. "ఇప్పటివాళ్ళు తప్పులన్నీ కంప్యూటర్లో దిద్దుకుంటారు. దగాకోర్లు" అన్నాడు. విశాలాక్షికి ఆ ఉపన్యాసంలో అతనికి ఎక్కడ దగ్గొస్తుందో కూడా తెలుసు.

ఇచ్ఛాపూర్ ఇంకా కాస్త దూరముందనగా ట్రక్కులు ఆగిపోయాయి. ముందు ఉక్కు చుట్టలు మోసే ట్రైలరు ఒకటి రోడ్డుకు అడ్డంగా తిరిగి నిలిచిపోయిందని ఎవరో నడిచి వస్తూ చెప్పారు. డ్రైవర్లు కిందికి దిగి బీడీలు ముట్టించారు. ఉమాకాంత్ ఇంజను ఆపేశాడు. డిసెంబరు కాబట్టి ఏసీ అక్కర్లేదు. చెప్పవలసిందంతా చెప్పడం కూడా అయిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత అతను ఆ ఆల్బమ్ ముందు నోరు మూసుకుని కూర్చున్నాడు.

రెండు చిన్న చిటుకులు. కాస్త ఎడం. ఒక పెద్ద చిటుకు. దాని వెనక సన్నని గీర. మళ్ళీ రెండు చిన్న చిటుకులు.

అతని తల కొద్దిగా పక్కకు వాలింది. అది అతను వాల్చింది కాదు. కర్మాగారంలో ఎన్నో ఏళ్ళు వాలి వాలి దానికదే అలవాటు పడిన మెడ.

పాట అయిపోయింది. తర్వాతి పాట మొదలయ్యే ముందు నిశ్శబ్దంలో రెండు చిన్న చిటుకులు, ఎడం, పెద్ద చిటుకు, గీర. అతను మీట నొక్కి నాలుగో పాటకు వెళ్ళాడు. రెండు చిన్నవి, ఒక పెద్దది, గీర. ఎనిమిదో పాట. అదే. చివరి పాట. అదే, అదే చోట. ఏ రెండు రికార్డులకూ ఒకే చోట ఒకే గాట్లు పడవు. ఏ రెండు బేరింగులకూ పడవు. ఎవరో చిటపటలను ఒక ముక్క తయారుచేసుకుని, దాన్నే తిప్పి తిప్పి అన్ని పాటల కిందా పరిచారు. అది తెలిశాక మిగతాది కూడా వినిపించింది. పెద్ద తీగవాద్యం అడుగు స్వరం గాజులా తేటగా ఉంది. ఒకే మైకు చుట్టూ నిలబడి వాయించిన కాలంలో అలాంటి స్వరం ఏ రికార్డుకూ ఎక్కదు. హోటల్లో అన్నం తినేవాళ్ళ వెనక మోగించడానికి, పాతదిలా కనిపించేట్టు, అతనికి పెళ్ళయిన తర్వాత ఎప్పుడో తయారుచేసిన సరుకు.

అతను మళ్ళీ మొదటి పాటకు వెళ్ళాడు. మళ్ళీ చివరిదానికి.

"సీడీ ఖరాబ్ అయిందా సార్?" అని అడిగింది ప్రసన్న.

"లేదు."

విశాలాక్షి ఇప్పుడు కిటికీ వైపు చూడటం మానేసి అతని మెడను చూస్తోంది. ఆ వాలిన మెడ ఆమెకు బాగా తెలుసు. "ఏ బేరింగు పోయింది?" అంది.

అతను చెప్పకుండా ఉండవచ్చు. కానీ లోపం కనిపెట్టి చెప్పకుండా ఉండటం అతనికి రాదు. కనిపెట్టినవాడిని నేనే అన్న గర్వం అప్పుడు కూడా ఒక్క క్షణం ముందుకు వచ్చింది.

"ఈ చిటపట ఉంది చూశావూ, ఇది రికార్డుది కాదు. తర్వాత కలిపారు. అన్ని పాటల్లోనూ ఒకటే ముక్క."

"అంటే?"

"అంటే పాతవి కావు. పాతవాటిలా చేశారు."

"అంటే పోపు వేశారన్నమాట" అంది విశాలాక్షి. ఆ తర్వాత ఆమె నవ్వింది. సంచి ఒళ్ళోంచి జారిపోయేదాకా నవ్వింది. "పాతికేళ్ళు! నా చేత బజ్జీలు వేయించి, పిల్ల చేత పద్యం చెప్పించి… పోపు! ప్లీజ్ లిజన్ టు ద పోపు!"

"నవ్వడానికేముంది ఇందులో?"

"మీకు లేదు. మాకుంది."

ప్రసన్నకు నవ్వాలో వద్దో తెలియలేదు. పెద్దమనిషి ముఖం చూస్తే జాలేసింది. ముందుకు వంగి, "గదేం పెద్ద ముచ్చట కాదు సార్" అంది. "మా దిక్కు పటోలా పట్టుచీరెలు గట్లనే చేస్తరు. మిషన్ల ప్రింటు కొట్టి, చేతితోటి నేసిన దానిలెక్క అంచుల రంగు జర చెదరగొడ్తరు. రింగ్ రోడ్ మీద పెద్ద పెద్ద దుకాన్లల్ల అమ్ముతరు. అందరు కొంటరు. పెండ్లిళ్ళకు గూడ కడ్తరు. మంచిగనే ఉంటది. మీరేం మనసుకు పెట్టుకోకుండ్రి."

సూరత్ అతనికి అన్నేళ్ళలో చాలా ఇచ్చింది. ఇలాంటి ఓదార్పు మాత్రం ఇదే మొదటిసారి. ఉమాకాంత్ అద్దంలో ఆమెను చూశాడు. అతనికి విశాలాక్షి నవ్వు కన్నా ఆ పిల్ల దయకే ఎక్కువ ఒళ్ళు మండింది. పటోలా కొనేవాళ్ళూ తనూ ఒకే వరసలో నిలబడ్డాం అని ఆ పిల్ల ఎంత తేలిగ్గా అనేసింది!

"చీరలూ సంగీతమూ ఒకటి కావమ్మా" అన్నాడు.

"కావు సార్" అంది ప్రసన్న వెంటనే, గిన్నెల వెనక్కి జరిగి.

ముందు ఎక్కడో ట్రైలరు కదిలింది. బీడీలు పారేసి డ్రైవర్లు ఎక్కారు. ఉమాకాంత్ ఇంజను వేసి, సీడీని ఆపలేదు గానీ చప్పుడు బాగా తగ్గించాడు. ఇచ్ఛాపూర్ చేరేలోగా విశాలాక్షికి ఒకసారి నవ్వు పొంగింది. పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బస్టాపు ముందు కారు ఆపుతుండగా అతని ఫోను మోగింది. ఓంప్రకాష్. ఉమాకాంత్ స్టీరింగు పట్టుకునే స్పీకరు నొక్కాడు.

ఓంప్రకాష్ రింగ్ రోడ్ దగ్గర ఇత్తడి ఫలకాలు చెక్కేవాడి దుకాణంలో నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నానికి వాడు దుకాణం కట్టేస్తాడట. పైన ఉమాకాంత్ మ్యూజిక్ రూమ్ అని, కింద చిన్న అక్షరాలతో ఒరిజినల్ జాజ్ రికార్డింగ్స్ ఆఫ్ ద నైన్టీన్ థర్టీస్ అని, తమరు ఇచ్చినట్టే ఉంది కదా అని హిందీలో అడిగాడు.

"ఏక్ బార్ ఔర్ సోచ్ లీజియే సర్. పీతల్ హై. ఖుద్ గయా తో మిటేగా నహీ." ఇత్తడి మీద ఒకసారి చెక్కితే ఇక చెరగదని అతని హెచ్చరిక.

కారులో సన్నగా ట్రంపెట్ వినిపిస్తోంది. దాని కింద రెండు చిన్న చిటుకులు, ఒక పెద్దది.

విశాలాక్షి నవ్వడం లేదు. అతని వైపే చూస్తోంది. ఈసారి మెడను కాదు, ముఖాన్ని. ప్రసన్న తలుపు తెరిచి, ఒక కాలు బయట పెట్టి, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే వెళ్ళొస్తానని ఎలా చెప్పాలో తెలియక ఆగింది.

ఉమాకాంత్ అప్పుడు ఎవరిని తలుచుకున్నాడో ముఖంలో కనిపించింది. బజ్జీలు తిని తలలూపినవాళ్ళను తలుచుకున్నాడు. నిద్ర లేచి వాహ్ అన్న జనరల్ మేనేజరును తలుచుకున్నాడు. వాళ్ళలో ఒక్కడికి కూడా రెండు చిన్నవీ ఒక పెద్దదీ వినిపించవు. మూతి కొద్దిగా వంకర తిరిగింది. కాసేపటి క్రితం పోయిన రంగు మళ్ళీ వచ్చింది.

"వాళ్ళకేం తెలుస్తుంది" అని భార్యతో తెలుగులో అన్నాడు. ఫోనులో ఆ మాటే రాయమని, "లిఖ్ దో. ఒరిజినల్ హీ లిఖ్ దో" అన్నాడు.

"జీ సర్. ఔర్ ఓ కమ్రే కీ చాబీ?" అంటూ ఓంప్రకాష్ గది తాళంచెవి అడిగాడు. అరలు బిగించడానికి కార్పెంటర్ రేపు పొద్దున్నే వస్తాడట. చెవి మేడమ్ దగ్గరుందన్నారు కదా అన్నాడు.

ఉమాకాంత్ ఎడమచేయి చాచాడు, భార్య వైపు చూడకుండానే. "విశాలా, తాళంచెవి."

విశాలాక్షి సంచి తెరిచింది. చెవి అడుగున ఉంది. కళ్ళజోడు పెట్టె, మాత్రల పట్టీ తీసి ఒళ్ళో పెట్టుకుని, చెవిని వెతికి తీసింది. దానికి పిల్లలెవరో కట్టిన ఎర్ర ఊలుదారం ఉంది. అతని అరచేయి ఇంకా చాచే ఉంది. ఫోనులో ఓంప్రకాష్ "హలో, హలో" అంటున్నాడు.

ఆమె వెనక్కి తిరిగి, తెరిచిన తలుపు దగ్గరున్న ప్రసన్న చేతిని పట్టుకుని, చెవిని అందులో పెట్టి వేళ్ళు మూసింది.

"ఇది నీ దగ్గరే ఉండాలి. ఎవరు అడిగినా ఇవ్వకు, సారు అడిగినా సరే. వచ్చే ఆదివారం నేనూ పాల్ నుంచి వస్తాను. క్లాసు ఆ గదిలోనే."